విండోస్ 10 పోయింది.. కొత్త ఓఎస్ వేద్దామంటే అక్షరాలు కనపడట్లేదా? మతలబంతా స్క్రీన్ రిజల్యూషన్‌లోనే!

సింగరాయకొండ: పాత ల్యాప్‌టాప్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తారు. నల్లటి స్క్రీన్ మీద ఏదో వస్తుంది. కానీ చదవడానికి రాదు. అక్షరాలు అంత చిన్నవి! లేదంటే అక్షరాలు బాగానే ఉంటాయి కానీ ‘నెక్స్ట్’ బటన్ స్క్రీన్ కిందకి ఎటో వెళ్లిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు ఆగకుండా గుడ్డిగా ఎంటర్ కొట్టేస్తారు. ప్రమాదం ఈ రెండో రకం వాళ్లకే. ఎందుకంటే ఇన్‌స్టాలర్‌లో ఒక స్క్రీన్ ఉంటుంది.. అక్కడ ఒక్క మాట తప్పు చదివితే డిస్క్‌లో ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కలు అన్నీ పోతాయి. వెనక్కి రావు.

కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంటాడు, తండ్రి సింగరాయకొండలో ఉంటాడు అనుకుందాం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్. ఫోన్లో మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

“నాయనా, ఇప్పుడు స్క్రీన్ మీద ఏముంది?”

“ఏందో ఉందిరా అబ్బాయ్. చీమలు బారులు తీరినట్టుండాయి అక్షరాలు. కళ్లజోడు పెట్టుకున్నా కనపడట్లా. ఎంటర్ కొట్టేదా?”

“వద్దొద్దు నాయనా.. ఆగు!”

ఆ ‘ఆగు’ తర్వాత ఏం చేయాలన్నదే ఇక్కడ విషయం. షాపుకి తీసుకెళ్లాలంటే దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఒంగోలు ఉంది. కానీ చాలాసార్లు అంత దూరం పోనక్కర్లేదు. రెండు మూడు కీలు తెలిస్తే చాలు.

ఇప్పుడే ఎందుకు ఇంత గొడవ?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అంతే. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే దానికి టీపీఎం 2.0 చిప్ కావాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్‌లో చూస్తే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంతకు ముందు కొన్న మెషీన్లు బాగా పని చేస్తున్నా సరే, అధికారికంగా బయటే.

దాంతో చాలామంది లైనక్స్ వైపు చూస్తున్నారు. ఉబుంటు, లైనక్స్ మింట్, డెబియన్, ఫెడోరా.. అన్నీ ఫ్రీనే. మొన్నటిదాకా ఓఎస్ వేయడం అంటే షాపు కుర్రాడి పని. ఇప్పుడు ఇంట్లోనే చేసుకుంటున్నారు. మొదటిసారి ఆ స్క్రీన్ చూసేవాళ్లలో చత్వారం వచ్చిన నలభై దాటినవాళ్లూ ఉన్నారు, చూపు తక్కువ ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇన్‌స్టాలర్లు తయారు చేసినవాళ్లు చాలాకాలం వీళ్లని దృష్టిలో పెట్టుకోలేదన్నది కాదనలేని మాట.

అక్షరం ఎందుకంత చిన్నగా కనిపిస్తుంది?

దీనికి జవాబు చిన్న లెక్కలో ఉంది. స్క్రీన్ మీద బొమ్మ అంతా చుక్కలే. వాటినే పిక్సెల్స్ అంటాం. ఎన్ని చుక్కలున్నాయో చెప్పేదే రిజల్యూషన్. కంప్యూటర్ మొదట్లో వాడే సాదా అక్షరం వెడల్పు 8 చుక్కలు, ఎత్తు 16 చుక్కలు. ఈ కొలత పాతకాలం నాటిది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ రోజుల్లో స్క్రీన్ 640×480 చుక్కలు. అప్పుడు 16 చుక్కల అక్షరం నిండుగా కనపడేది.

ఇప్పుడు అదే 16 చుక్కల అక్షరాన్ని 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీద పెట్టి చూడండి. 1366×768 స్క్రీన్ అయితే అక్షరం గడి ఎత్తు 4 మిల్లీమీటర్లు. పర్లేదు, చదవొచ్చు. అదే సైజు స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 అయితే 2.9 మిల్లీమీటర్లకు దిగుతుంది. 4కే, అంటే 3840×2160 అయితే దాదాపు 1.4 మిల్లీమీటర్లు! ఒక వరుసలో 480 అక్షరాలు, మొత్తం 135 వరుసలు పడతాయి. మందు సీసా మీద చిన్న అక్షరాలే నయం అనిపిస్తుంది.

చిత్రం ఏంటంటే, స్క్రీన్ ఎంత ఖరీదైనదైతే ఇబ్బంది అంత ఎక్కువ. ఓఎస్ పూర్తిగా ఎక్కిన తర్వాత అదే స్క్రీన్ మీద అక్షరాలు అద్దంలా కనిపిస్తాయి. ఎందుకంటే అప్పుడు ‘స్కేలింగ్’ పని చేస్తుంది. చుక్కలు ఎక్కువున్నాయి కాబట్టి అక్షరానికి రెట్టింపు చుక్కలు వాడు అని ఓఎస్ చెబుతుంది. ఇన్‌స్టాలర్ మొదటి దశల్లో ఆ చెప్పేవాళ్లు లేరు.

తెలుగు అక్షరానికి ఇంకో చిక్కు

ఇంగ్లిష్ అక్షరం 8×16 గడిలో ఎలాగోలా ఇమిడిపోతుంది. తెలుగు ఇమడదు. ‘లక్ష్మి’ అనే మాటనే తీసుకోండి. ‘క’ కింద ‘ష’ ఒత్తు, దాని పక్కనో కిందో ‘మ’ ఒత్తు, పైన గుడి. 16 చుక్కల ఎత్తులో ఇదంతా రాస్తే ముద్దలా కనిపిస్తుంది. పైగా పాత టెక్స్ట్ స్క్రీన్‌లో ఒకేసారి 256 అక్షర రూపాలే పెట్టుకోవచ్చు. మహా అయితే 512. అక్షరాల్ని గుణింతం, ఒత్తులతో కలిపి కూర్చే ‘షేపింగ్’ అనే పని ఆ స్క్రీన్‌కి చేతకాదు.

అందుకే డెబియన్‌లో ఒక విచిత్రం ఉంటుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయగానే మెనూలో ‘గ్రాఫికల్ ఇన్‌స్టాల్’, ‘ఇన్‌స్టాల్’ అని రెండు కనిపిస్తాయి. రెండోది టెక్స్ట్ ఇన్‌స్టాలర్. తేలిగ్గా ఉంటుందిలే అని రెండోది నొక్కితే భాషల జాబితాలో తెలుగు కనపడదు. తెలుగు లేదనుకుని ఇంగ్లిష్‌లో కష్టపడేవాళ్లు ఉన్నారు. నిజానికి 2011లో వచ్చిన డెబియన్ 6 నుంచే ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది. కాకపోతే గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే. మొదటిదే నొక్కాలి.

విండోస్ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాలేషన్ ఫైళ్ల భాషల్లో తెలుగు లేదు. ముందు ఇంగ్లిష్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని, తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ దించుకోవాలి. అంటే అసలు ప్రమాదకరమైన ప్రశ్నలన్నీ అయిపోయాకే తెలుగు వస్తుంది! సి-డాక్ తయారు చేసిన బాస్ లైనక్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ తెచ్చిన తెలుగు ఓఎస్.. ఈ రెండూ డెబియన్ పునాది మీద కట్టినవే. మన భాషలో కంప్యూటర్ అన్న పని వీళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నారు. కానీ భాష వచ్చినంత మాత్రాన సరిపోదు కదా.. అక్షరం కంటికి ఆనాలి.

రిజల్యూషన్‌ని నిర్ణయించేది ఎవరు?

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పటి నుంచి ఇన్‌స్టాలర్ కిటికీ కనిపించే దాకా పగ్గాలు నాలుగు చేతులు మారతాయి.

మొదట మదర్‌బోర్డులో ఉండే ఫర్మ్‌వేర్. పాత మెషీన్లలో దాన్ని బయోస్ అంటారు, ఈ పదేళ్లలో వచ్చినవాటిలో యూఈఎఫ్ఐ. ఏయే రిజల్యూషన్లు వాడుకోవచ్చో జాబితా ఇచ్చేది ఇదే. తర్వాత బూట్‌లోడర్, లైనక్స్‌లో ఎక్కువగా గ్రబ్. ఆ జాబితాలోంచి ఒకటి ఎంచుకుని మెనూ చూపిస్తుంది. మూడోది కెర్నెల్. వరసగా తెల్ల అక్షరాలు పరిగెత్తుతాయే, ఆ దశ. గ్రాఫిక్స్ డ్రైవర్ లేవగానే స్క్రీన్‌ని పూర్తి రిజల్యూషన్‌కి మార్చేస్తుంది. అప్పటిదాకా పెద్దగా ఉన్న అక్షరాలు టక్కున చిన్నవైపోయేది ఇక్కడే. నాలుగోది ఇన్‌స్టాలర్ కిటికీ.

ఏ దశలో అక్షరం చిన్నదైందో గమనిస్తే మందు అక్కడే వేయొచ్చు.

కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ఒకే ఒక్క రిజల్యూషన్ చూపిస్తుంది, స్క్రీన్‌కి సహజంగా ఉన్నదే. అలాంటప్పుడు బూట్‌లోడర్‌కి తగ్గించమని చెప్పినా వినదు. అప్పుడు రిజల్యూషన్ తగ్గించే ఆలోచన మానేసి, ఫాంట్ పెంచే దారి చూసుకోవాలి.

సరే, ఏం చేయాలి?

ముందుగా అందరికీ పనికొచ్చేది. లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి ‘లైవ్’ మోడ్‌లో నడుస్తాయి. అంటే డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. వెంటనే ఇన్‌స్టాల్ ఐకాన్ మీద పడకండి. మెనూలో ‘డిస్‌ప్లే’ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్కేల్‌ని 200 శాతం చేయండి. లేదా రిజల్యూషన్ తగ్గించండి. అక్షరాలు హాయిగా చదవగలిగే సైజుకి వచ్చాకే ఇన్‌స్టాలర్ తెరవండి. ఇంత తేలికైన పని చేయకుండా భూతద్దం పట్టుకుని కూర్చునేవాళ్లు ఎందరో!

ఉబుంటు 24.04 నుంచి ఇంకో మేలు జరిగింది. ఇన్‌స్టాలర్‌లో భాష అడిగిన వెంటనే యాక్సెసిబిలిటీ పేజీ వస్తుంది. పెద్ద అక్షరాలు, హై కాంట్రాస్ట్, జూమ్, స్క్రీన్ రీడర్ అన్నీ అక్కడే ఆన్ చేసుకోవచ్చు. చాలామంది దాన్ని చూడకుండా నెక్స్ట్ కొట్టేస్తారు. చూడండి.

డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో అయితే కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కితే అక్షరాలు పెరుగుతాయి, మైనస్ నొక్కితే తగ్గుతాయి. బ్రౌజర్‌లో చేసినట్టే. తెలుగు ఎంచుకుని రెండు మూడుసార్లు ప్లస్ నొక్కి చూస్తే ఒత్తులు విడివిడిగా కనపడతాయి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు కావాలంటే బూట్ మెనూలోనే యాక్సెసిబిలిటీ ఆప్షన్లలో హై కాంట్రాస్ట్ ఉంటుంది. చూపు అసలు లేనివాళ్ల కోసం అదే మెనూలో ‘ఎస్’ కీ నొక్కితే మాట్లాడే ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది.

ఫెడోరా, రెడ్ హ్యాట్‌లు వాడే అనకొండ అనే ఇన్‌స్టాలర్‌కి బూట్ చేసేటప్పుడే ఫలానా రిజల్యూషన్‌లో రా అని చెప్పే ఆప్షన్ ఎప్పటి నుంచో ఉండేది. కనీసం 1024×768 ఇవ్వాలని రెడ్ హ్యాట్ డాక్యుమెంట్లు చెబుతాయి. అంతకంటే తగ్గిస్తే అక్షరం పెద్దదవుతుంది కానీ బటన్లు స్క్రీన్ దాటిపోతాయి. అందుకే ఆ హద్దు.

‘నోమోడ్‌సెట్’ అంటే ఏంటి?

లైనక్స్ ఇన్‌స్టాల్ గురించి ఎవరిని అడిగినా చెప్పే మంత్రం ఇది. ఉబుంటు మెనూలో ‘సేఫ్ గ్రాఫిక్స్’ అనీ, మింట్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్’ అనీ, ఫెడోరాలో ట్రబుల్‌షూటింగ్ కింద ‘బేసిక్ గ్రాఫిక్స్’ అనీ కనిపించేది దాదాపు ఇదే. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని లేపొద్దు, ఫర్మ్‌వేర్ ఇచ్చిన రిజల్యూషన్‌లోనే ఉండిపో అని కెర్నెల్‌కి చెప్పడం. ఫర్మ్‌వేర్ తక్కువ రిజల్యూషన్ ఇస్తే అక్షరాలు పెద్దగా వస్తాయి. ఇన్‌స్టాల్ పూర్తి చేసుకోవచ్చు.

మెనూలో అలాంటి ఆప్షన్ లేకపోతే చేత్తోనే చేర్చొచ్చు. గ్రబ్ మెనూ కనిపించగానే కీబోర్డు మీద ‘ఈ’ అక్షరం, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో ఐదోది, నొక్కాలి. కొన్ని వరుసలు కనిపిస్తాయి. ‘లైనక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ అని చిన్న అక్షరాలతో కలిపి ఒకే మాటగా టైప్ చేసి, కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి భయపడక్కర్లేదు.

దీనికి నష్టాలూ ఉన్నాయి. స్క్రీన్ నెమ్మదిగా కదులుతుంది. బ్రైట్‌నెస్ మార్చే కీలు పనిచేయకపోవచ్చు. అందుకే ఇన్‌స్టాల్ అయ్యాక మామూలుగానే బూట్ చేయాలి. తాత్కాలిక మందుని రోజూ మింగకూడదు.

యూట్యూబ్‌లో పాత వీడియోల్లో ‘వీజీఏ ఈక్వల్స్ 791’ అని టైప్ చేయమంటారు. అది 1024×768 కోసం. బయోస్ రోజుల్లో బాగా పనిచేసేది. ఇప్పటి యూఈఎఫ్ఐ మెషీన్‌లో ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. తప్పు టైప్ చేసినవాళ్లది కాదు, ఆ ఆప్షన్ కాలం చెల్లింది.

నల్ల స్క్రీన్ మీద పరిగెత్తే అక్షరాల మాటేంటి? దీనికి కెర్నెల్‌లోనే పరిష్కారం వచ్చింది. 2019లో వచ్చిన లైనక్స్ 5.0లో టెర్మినస్ అనే 16×32 ఫాంట్ చేర్చారు. పాత 8×16కి ఇది సరిగ్గా రెట్టింపు. 4కే స్క్రీన్ మీద 1.4 మిల్లీమీటర్ల అక్షరం 2.9 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ తర్వాతి వెర్షన్లలో స్క్రీన్ పెద్ద రిజల్యూషన్‌ది అయితే పెద్ద ఫాంట్‌ని తనంతట తనే ఎంచుకునే లెక్క కూడా పెట్టారు. కాకపోతే ఆ ఫాంట్‌ని కెర్నెల్‌లో కలిపి ఇవ్వడం, ఇవ్వకపోవడం డిస్ట్రిబ్యూషన్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒక లైనక్స్ బాగా కనిపించి, ఇంకోటి కనిపించకపోవడానికి ఇదొక కారణం.

విండోస్ వేసేవాళ్లకి

విండోస్ సెటప్ నడుస్తున్నప్పుడు విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే నేరేటర్ మొదలై స్క్రీన్ మీద ఉన్నది ఇంగ్లిష్‌లో చదువుతుంది. ఫైళ్లు కాపీ అయి రీస్టార్ట్ అయ్యాక దేశం, కీబోర్డు అడిగే స్క్రీన్లు వస్తాయి కదా.. అక్కడ కింద మూలన మనిషి బొమ్మ ఐకాన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మాగ్నిఫైయర్ దొరుకుతుంది. రోజూ పది మెషీన్లకు విండోస్ వేసే షాపుల వాళ్లయితే, జవాబులు ముందే రాసి పెట్టుకునే అన్‌అటెండ్ ఫైల్‌లో సెటప్ స్క్రీన్ అడ్డం, నిలువు రిజల్యూషన్ కూడా రాసుకోవచ్చు. ఒకసారి రాస్తే చాలు.

విండోస్ 11 స్క్రీన్ కనీసం 720పీ ఉండాలంటుంది. విండోస్ 10కి 800×600 చాలు. పాత చిన్న నెట్‌బుక్‌లు దెబ్బతినేది ఇక్కడే.

బటన్ కనపడకపోతే..

ఇది మొదటిదానికి తలకిందుల సమస్య. పది అంగుళాల నెట్‌బుక్‌లు 1024×600 స్క్రీన్‌తో వచ్చాయి. ఇన్‌స్టాలర్ కిటికీ ఎత్తు 600 చుక్కలు దాటితే కింద ఉన్న ‘నెక్స్ట్’, ‘బ్యాక్’ బటన్లు కనపడవు. లైనక్స్ లైవ్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్ కీ పట్టుకుని కిటికీని మౌస్‌తో ఎక్కడ పట్టుకుని లాగినా పైకి జరుగుతుంది. ఉబుంటులో అయితే ఆల్ట్ బదులు విండోస్ గుర్తు ఉన్న కీ. మౌస్ సతాయిస్తుంటే చాలా డెస్క్‌టాప్‌లలో ఆల్ట్, ఎఫ్7 కలిపి నొక్కి బాణం కీలతో జరపొచ్చు. ట్యాబ్ కీ కొట్టుకుంటూ పోయి ఎంటర్ నొక్కే పద్ధతి కూడా ఉంది. కానీ కనపడని బటన్ మీద ఎంటర్ కొట్టడమంటే చీకట్లో బావి పక్కన నడిచినట్టే. డిస్క్ గురించి అడిగే పేజీలో మాత్రం వద్దు.

టీవీకి కలిపితే?

ఇంట్లో టీవీ, హెచ్‌డీఎంఐ వైరు ఉంటే సగం బాధ తీరినట్టే. 32 అంగుళాల హెచ్‌డీ టీవీలు ఎక్కువగా 1366×768 ప్యానెల్‌వే. దాని మీద 16 చుక్కల అక్షరం 8 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. మంచం మీద కూర్చుని చదవొచ్చు! రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కొన్ని మెషీన్లలో బూట్ మెనూ టీవీలో రాదు, డెస్క్‌టాప్ వచ్చాకే వస్తుంది. రెండోది, టీవీలు బొమ్మ అంచుల్ని కోసేస్తాయి. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. బటన్ అంచున ఉంటే పోతుంది. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ లాంటిది ఎంచుకుంటే సరిపోతుంది.

ఇక ఫోన్ కెమెరా. స్క్రీన్‌కి ఎదురుగా పట్టుకుని జూమ్ చేసి చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. గూగుల్ లెన్స్ అయితే ఇంగ్లిష్‌ని తెలుగులోకి కూడా మార్చి చూపిస్తుంది. కానీ మెషీన్ అనువాదాన్ని డిస్క్ చెరిపే విషయంలో పూర్తిగా నమ్మొద్దు. అక్కడ ఫొటో తీసి, తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపి, వాళ్లు చెప్పాకే ముందుకి వెళ్లడం మేలు. ఫోన్లో తండ్రి చదివి వినిపించే కంటే కొడుక్కి ఫొటో పంపడం నయం.

ఇంజినీరింగ్ విద్యార్థులకి ఒక మాట. వర్చువల్‌బాక్స్‌లో ఓఎస్ వేస్తుంటే కిటికీ అగ్గిపెట్టెంత కనిపిస్తుందా? కుడివైపు కంట్రోల్ కీ, సి కలిపి నొక్కితే స్కేల్డ్ మోడ్ వస్తుంది. కిటికీని ఎంత లాగితే బొమ్మ అంత పెరుగుతుంది. వ్యూ మెనూలో 200 శాతం ఆప్షన్ కూడా ఉంది.

రిజల్యూషన్ తగ్గించాలా, స్కేల్ పెంచాలా?

రెండూ ఉంటే స్కేలే పెంచండి. కారణం ఉంది. పాత గాజు ట్యూబ్ మానిటర్లలో రిజల్యూషన్ తగ్గించినా బొమ్మ అంతగా చెడేది కాదు. ఎల్‌సీడీలో చుక్కలు స్థిరంగా ఉంటాయి. 1920 చుక్కల మీద 1024 చుక్కల బొమ్మ పరిస్తే ఒక్కో చుక్క దాదాపు ఒకటిన్నర రెండు చుక్కల మీద సాగుతుంది. అంచులు అలుక్కుపోతాయి. ఇంగ్లిష్ అయితే మసగ్గా ఉన్నా గుర్తుపడతాం. తెలుగులో ‘వ’కి ‘ప’కి, ‘మ’కి ‘య’కి తేడా చిన్న గీతల్లోనే ఉంటుంది. ఒత్తుల సంగతి చెప్పక్కర్లేదు. స్కేలింగ్‌లో అయితే అక్షరాన్నే ఎక్కువ చుక్కలతో మళ్లీ గీస్తుంది కాబట్టి స్పష్టత తగ్గదు. తప్పనిసరై రిజల్యూషన్ తగ్గించాలంటే సరిగ్గా సగానికి తగ్గించడం మంచిది. 3840×2160 ఉంటే 1920×1080. ఒక చుక్క స్థానంలో సరిగ్గా నాలుగు చుక్కలు పడతాయి, మసక తక్కువ.

కంటికి ఆనడం హక్కు కూడా

వెబ్‌సైట్లకి వాడే అంతర్జాతీయ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో ఒక నియమం ఉంది. అక్షరాన్ని 200 శాతం దాకా పెంచినా పేజీలో ఏదీ పోకూడదు, పనిచేయడం ఆగకూడదు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకునే హక్కు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది. అది ఈ-కేవైసీ ప్రక్రియ గురించిన కేసు. ఇన్‌స్టాలర్ల గురించి ఎవరూ కోర్టుకెక్కలేదు కానీ, బ్యాంకు యాప్ నడవాలన్నా ముందు మెషీన్‌లో ఓఎస్ ఉండాలి కదా!

ఆ ఒక్క పేజీ జాగ్రత్త

ఇంత చదివాక, కొత్త ఓఎస్ వేసేటప్పుడు ఏ స్క్రీన్ దగ్గర ఆగాలో కూడా తెలుసుకోవాలి. ఉబుంటు, మింట్‌లలో ‘ఎరేజ్ డిస్క్’ అంటే మొత్తం చెరిపేయడం. ‘ఎలాంగ్‌సైడ్’ అన్న మాట ఉంటే ఉన్న విండోస్ పక్కనే వేయడం. ఈ రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చిన్న అక్షరాల్లో ఒక వరుస తప్పితే అంతే సంగతులు. విండోస్‌లో అయితే డ్రైవ్ 0, పార్టిషన్ 1, 2, 3 అని జాబితా వస్తుంది. పక్కన సైజులు జీబీల్లో ఉంటాయి. అంకె తప్పు చదివి ‘ఫార్మాట్’ నొక్కితే ఫొటోలున్న పార్టిషన్ పోతుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ గుచ్చక ముందే ముఖ్యమైనవన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని ఊడదీసి పక్కన పెట్టాలి. ల్యాప్‌టాప్‌కి అలాగే తగిలించి ఉంచితే ఇన్‌స్టాలర్ జాబితాలో అది కూడా కనిపిస్తుంది, దాన్నే చెరిపే ప్రమాదం ఉంది.

ఇన్‌స్టాల్ పూర్తయి మొదటిసారి లాగిన్ స్క్రీన్ వచ్చినప్పుడు అక్షరాలు మళ్లీ చిన్నగా కనపడొచ్చు. లైవ్ మోడ్‌లో పెట్టుకున్న స్కేల్ చాలాసార్లు కొత్త సిస్టమ్‌లోకి రాదు. ఉబుంటులో అయితే లాగిన్ స్క్రీన్ మీదే మూలన యాక్సెసిబిలిటీ ఐకాన్ ఉంటుంది, అందులో ‘లార్జ్ టెక్స్ట్’ ఆన్ చేసుకుని పాస్‌వర్డ్ కొట్టండి. లోపలికి వెళ్లాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ ఒకసారి మార్చుకుంటే ఆ తర్వాత అలాగే ఉంటుంది.